చెయ్యెత్తిన మనిషి

రైడర్ మధ్యగీత దాటి తన వైపుకు వెళ్లిపోయాడు. పాయింటు రాలేదని అతని ముఖమే చెబుతోంది. ఆట సమయం అయిపోయింది. నరసరావుపేట జట్టు ఒక్క పాయింటు ముందుంది. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని గీత దగ్గరున్న అంపైర్ వైపు చూశాడు. అంపైర్ తల అడ్డంగా ఊపాడు. ఎవరినీ తాకలేదని అర్థం. బెంచీ మీదున్న మన కుర్రాళ్లు మ్యాటు మీదికి దూకడానికి అప్పటికే లేచి నిలబడ్డారు.

అప్పుడు మన జట్టు కుడి మూల నుంచి ఆయన చెయ్యెత్తాడు.

బస్సు ఆపే మనిషిలా ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో నడుం దగ్గర జెర్సీ అంచు పట్టుకుని చూపించాడు. "ఇక్కడ తగిలింది సార్" అన్నాడు. ఎవరి నిర్ణయం కోసమూ ఆగకుండా మ్యాటు దిగి, అవుటైన వాళ్లు కూర్చునే చోటికి నడిచి వెళ్లి కూర్చున్నాడు.

రిఫరీకి కాసేపు ఏం చెయ్యాలో తోచలేదు. ఒంటి మీది బట్ట తగిలినా అవుటే, అది నియమం. తగిలిందని తగిలిన మనిషే చెబుతుంటే కాదనడం ఎలా? రిఫరీ, అంపైర్లు దగ్గరికి చేరి మాట్లాడుకుని అవతలి జట్టుకు పాయింటు ఇచ్చారు. స్కోరు సమమైంది. చెరో అయిదు కూతలతో తేల్చాల్సి వచ్చింది. కోచ్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టి వేరే అబ్బాయిని దింపాడు. నరసరావుపేట ఓడింది. అది కబడ్డీ లీగు సెమీఫైనల్. గురజాలలో ఒక కాలేజీ గ్రౌండు. పొద్దు గుంకుతుండగా మ్యాటు ముక్కలు విడదీసి లారీలోకి ఎత్తుతున్నవాళ్లు కూడా ఆయన వైపు చూసి తలలు ఆడించుకున్నారు.

ఇది జరిగి మూడేళ్లు దాటింది. మొన్న సత్తెనపల్లి బస్టాండులో టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు కుర్రాళ్లు ఫోనులో ఏదో చూసి విరగబడి నవ్వుతున్నారు. తొంగి చూశాను. అదే గ్రౌండు, అదే చెయ్యి. ఎవరో దానికి ఏడుపు సంగీతం జోడించి పెట్టారు. "ఎవుడ్రా ఈడు, మనోళ్లని ముంచిందీ?" అన్నాడొకడు. "ఎవుడో ముసలోడులే" అన్నాడు రెండోవాడు, వేలితో పైకి తోసేసి. నా టీ చల్లారిపోయింది.

ఆయన పేరు రాయడం లేదు. పేరు మీద ఇంకా ఒక విచారణ ఉంది. జట్టులో అందరూ భాయ్ అనేవాళ్లు. నేనూ అలాగే అంటాను.

ఆ లీగు గురించి కొంత చెప్పాలి. కృష్ణకు ఇవతల మన పల్నాడు ఊళ్లు, అవతల తెలంగాణ ఊళ్లు కలిపి కొన్ని జట్లు. టీవీలో వచ్చే పెద్ద లీగు చూసి ఎవరికో పుట్టిన ఆలోచన. ప్రొఫెషనల్ అన్న మాట పోస్టర్ మీద ఆటగాళ్ల బొమ్మలకంటే పెద్దగా ఉండేది. జెర్సీల మీద విత్తనాల కంపెనీ, పురుగుమందుల కొట్టు, టైల్స్ షాపు. ఆటగాళ్లు మాత్రం శని, ఆదివారాల్లో ఆడి సోమవారం పొద్దున ఎవరి పనికి వాళ్లు పోయేవాళ్లు. ఒకడు నాపరాళ్ల క్వారీకి, ఒకడు సిమెంటు లారీ మీద క్లీనరుగా, ఒకడు కౌలు చేనుకు. భాయ్ మాచర్లలో లారీల కమాన్ పట్టీలు మార్చే షెడ్డుకు. షెడ్డు బావమరిదిది. నలభైకి దగ్గర పడ్డ మనిషి. జట్టులో ఆయన తర్వాతి పెద్దవాడికి, ఆయనకూ మధ్య ఒక తరం ఖాళీ.

ఆటగాళ్ల వేలం ఒక కల్యాణ మండపంలో జరిగింది. ముందురోజు పెళ్లి పూలు ఇంకా స్తంభాలకు వేలాడుతున్నాయి. భాయ్ పేరు భోజనాల వేళ వచ్చిందట. ఆ ముచ్చట ఆయనే చెప్పేవాడు.

"ఓనరుగారు సాంబారు కోసం చెయ్యెత్తాడు సార్. సాంబారు రాలా. నేనొచ్చా."

ఓనరుగారిది జిన్నింగ్ మిల్లు. మంచి మనిషే. గెలిస్తే ఇంకా మంచి మనిషి. ఓడిన రోజు జట్టు వ్యాన్ వెనకాలే తన కారులో వచ్చి, ఏ ఊళ్లో ఆపితే ఆ ఊళ్లో దిగి తిట్టేవాడు. పత్రికకు వార్త రాయడానికి నేనూ ఆ సీజనంతా ఆ వ్యాన్‌లోనే తిరిగాను. ఉద్యోగం చివరి ఏళ్లు. డెస్కులో నాకు ఇవ్వడానికి వేరే పని లేదు. పిడుగురాళ్ల దాటేటప్పుడు సున్నం బట్టీల దుమ్ము కిటికీల్లోంచి వచ్చి జెర్సీల మూటల మీద పడేది. ఎండాకాలం ముందుకొచ్చేకొద్దీ ఆటగాళ్లు మాటలు తగ్గించారు. ఎవరికీ ఒళ్లు సరిగా లేదు. ఒకరికి బొటనవేలు, ఒకరికి భుజం, ఒకరికి ఇంట్లో గొడవ.

భాయ్‌కి మోకాలు. కుడిది. ఆట అయిపోగానే దానికి ఐసు పెట్టాలి. జట్టుకు ఐసు డబ్బా అంటూ లేదు. ఏ ఊళ్లో ఆడితే ఆ ఊళ్లో చేపల కొట్టుకు కుంటుకుంటూ వెళ్లి, తట్టలో మిగిలిన ఐసు ముక్కలు టవల్లో మూటగట్టించుకుని వచ్చేవాడు. తిరుగు ప్రయాణమంతా వ్యాన్‌లో చేపల వాసన.

"భాయ్, ఇంత చింతపండు పిసికితే పులుసైపోయిద్ది" అనేవాడు వెనక సీటు కుర్రాడు.

"నీ బుర్రకాయ కూడా వేద్దాం రా. అందులో ముల్లు కూడా లేదు" అనేవాడు భాయ్ వెనక్కి తిరక్కుండానే.

జేబులో తాళంచెవుల గుత్తికి ఒక గోళ్ల కత్తెర వేలాడుతుండేది. ఆటకు ముందు రిఫరీ గోళ్లు చూస్తాడు. పెరిగి ఉంటే దించడు. భాయ్ రిఫరీ దాకా రానిచ్చేవాడు కాదు. వ్యాన్ ఊరి పొలిమేరకు రాగానే ముందు సీటు నుంచి లేచి, రాడ్డు పట్టుకుని ఊగుతూ, ఒక్కొక్కడి చెయ్యీ లాక్కుని గోళ్లు తీసేవాడు. పాతికేళ్ల మగపిల్లలు చిన్నపిల్లల్లా చేతులు చాపేవాళ్లు. గ్రౌండుకు వెళ్లాక అవతలి జట్టువాళ్లవీ తీసేవాడు. ఓనరుగారు ఒకసారి చూసి కోప్పడ్డాడు.

"వాళ్లకెందుకయ్యా నువ్వు చేసేది? మంగలి పని ఒకటా?"

"వాళ్ల గోళ్లు గీరుకునేది నా చేతుల్నే సార్" అన్నాడు భాయ్.

ఆయన్ని పెద్ద ధర్మాత్ముడిగా చూపించాలని నాకు లేదు. కార్నర్‌లో నిలబడే మనిషి పని రైడర్ చీలమండ పట్టుకోవడం. ఆయన పట్టు మొరటు. దొరికినవాడు రెండు రోజులు కుంటేవాడు. పట్టుకున్నాక చెవిలో ఏదో అనేవాడు కూడా. అదేమిటో ఎవరూ నాకు చెప్పలేదు కానీ రైడర్ల ముఖాలు ఎర్రబడేవి. క్రోసూరులో ఆడినప్పటి సంగతొకటి. గ్రౌండులో సగానికి మిరపకాయలు ఎండబోశారు. ఆట కోసం వాటిని ఒక పక్కకు ఊడ్చారు గానీ ఘాటు ఎక్కడికి పోతుంది? అవతలి రైడర్ కూతకొచ్చి, మనవాళ్ల మధ్యకు రాగానే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కూత తెగింది. అవుట్. కళ్లనీళ్లు పెట్టుకుని రిఫరీని బతిమాలాడు. చూస్తున్న జనం కూడా పాపం, మళ్లీ కూతకు పోనివ్వండని అరిచారు. అందరూ భాయ్ వైపు చూశారు, పెద్దవాడు కదా, ఏమైనా అంటాడని.

"కూత ఆగింది, అవుటు" అన్నాడు భాయ్. "మిరక్కాయలు నేను ఎండబెట్టలా."

అంతే ఆయన లెక్క. అవుటైతే అవుటు. అది అవతలివాడైనా తనైనా.

తన సంగతికొచ్చేసరికి జట్టుకు అదే తలనొప్పి. భాయ్ ఆట నేర్చింది మట్టి కోర్టుల్లో. మాచవరం, దాచేపల్లి చుట్టుపక్కల తిరునాళ్ల పందేల్లో. అక్కడ రిఫరీ అంటే ఊరి పెద్ద ఒకరు, కుర్చీలో కూర్చుని సగం సేపు పక్కవాడితో వడ్ల ధర మాట్లాడుతుంటాడు. దుమ్ములో ఏ చెయ్యి ఏ ఒంటికి తగిలిందో ఆయనకేం కనపడుతుంది? అందుకని తగిలినవాడే చెయ్యెత్తి బయటికి పోవాలి. అది అక్కడి మర్యాద. తగిలినా ఎత్తనివాడిని ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. పక్క ఊరి పందేనికి పిలిచేవాళ్లు కాదు, అంతే. అలా పిలుపు ఆగిపోయినవాళ్ల పేర్లు భాయ్ నాకు ఇప్పటికీ చెప్పగలడు.

లీగుకు వచ్చాక పద్ధతి మారింది. మ్యాటు చుట్టూ ముగ్గురు నలుగురు అంపైర్లు. వాళ్లు చూస్తే ఉంది, చూడకపోతే లేదు. కుర్రాళ్లందరూ టీవీలో చూసి నేర్చుకున్నారు. తగిలినా రెండు చేతులూ చాపి, నాకేం తెలీదన్నట్టు నిలబడాలి. కోచ్, అతనిది గుంటూరు వైపు, చదువుకున్న కుర్రాడు, భాయ్‌కంటే చిన్నవాడు, మొదటి వారమే చెప్పి చూశాడు.

"భాయ్, విజిల్ వచ్చేదాకా చెయ్యెత్తమాక. పాయింటు ఇచ్చేది రిఫరీ. ఆయన పని నువ్వెందుకు చేస్తన్నావ్?"

"అట్నే సార్" అనేవాడు భాయ్.

మళ్లీ ఆదివారం ఎత్తేవాడు. ఓడిపోయే మ్యాచిలో ఎత్తితే ఎవరూ పట్టించుకోలేదు. గెలిచే మ్యాచిలో ఎత్తినప్పుడు ఓనరుగారు కారు దిగి వచ్చాడు. అయినా తీసెయ్యలేకపోయారు. కుడి మూలకు ఆయన్ని మించినవాడు జట్టులో లేడు. అడ్డదిడ్డంగా ఆడుతూనే సెమీఫైనల్ దాకా వచ్చామంటే సగం ఆయన చీలమండ పట్టు వల్లే.

ఒకసారి నేనే అడిగాను. మాచర్ల నుంచి వస్తున్నాం. మిట్టమధ్యాహ్నం. మిగతావాళ్లంతా నోళ్లు తెరుచుకుని నిద్ర.

"చెయ్యెత్తొద్దంటే సరేనంటావు. మళ్లీ ఎత్తుతావు. ఏంది భాయ్ ఇది?"

ఆయన మోకాలి మీద మూట సర్దుకున్నాడు. "నేనెత్తను సార్. అదే లేస్తది. ఈగ వాలితే తోలుకోటల్లా? అట్టా. వద్దనుకునేలోపు పైనుంటది."

"మరి ఆపుకోలేవా?"

"ఆపుకుందామనే చూశా. చెయ్యిని ఆపితే కాళ్లు ఆగిపోతన్నయ్. ఇంక ఆ పూట ఆడలేను."

సెమీఫైనల్‌కు ముందు వారం ఓనరుగారు జట్టును మిల్లుకు పిలిచి భోజనాలు పెట్టించాడు. అందరి ముందూ భాయ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫైనల్‌కు తీసుకెళ్లండ్రా. తీసుకెళ్తే వచ్చే ఏడు భాయ్ కోచ్ పక్కన. అసిస్టెంట్ కోచ్. ఇంక ఆడక్కర్లా, చెప్తే చాలు. నెలనెలా జీతం. నా మాట."

కుర్రాళ్లు ఈలలు వేశారు. భాయ్ తలొంచుకున్నాడు. విస్తరిలో అన్నం అటూ ఇటూ జరిపాడు. ఆయనకు ఆ మాట ఎంత అవసరమో వ్యాన్‌లో తిరిగిన వాళ్లకే తెలుసు. మోకాలు పూర్తిగా మడవడం లేదు. లారీ కిందకు దూరాలంటే గొంతుక్కూర్చోవాలి. కూర్చుంటే లేవలేడు. షెడ్డులో పని ఇంకో ఏడాది, ఆ తర్వాత బావమరిది మొహమాటం ఎన్నాళ్లో తెలియదు. చేతనైన రెండు పనుల్లో ఒకటి అప్పటికే చెయ్యి జారుతోంది. తిరిగి వస్తుంటే నా పక్కకు జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అసిస్టెంట్ కోచ్ అంటే ట్రాక్ సూటు ఇస్తారా సార్?"

"ఇస్తారనుకుంటా."

"పొడుగు ప్యాంటుదేనా? మోకాలు కనపడకుండా?"

అవునన్నాను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆ సీజన్ మొత్తం మీద ఆయన ముఖంలో నేను చూసిన ఆశ అదొక్కటే.

గురజాల మ్యాచి నాటి మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది. గ్రౌండు ఎదురుగా బజ్జీల బండి. సాయంత్రం ఆ చివరి కూతకొచ్చిన అవతలి జట్టు రైడర్, మన భాయ్ ఒకే పొట్లంలోంచి బజ్జీలు తింటూ నిలబడ్డారు. ఇద్దరూ తిరునాళ్ల పందేల్లో ఏళ్ల తరబడి ఒకే జట్టుకు ఆడినవాళ్లు. ఆ రైడర్‌ది నల్గొండ వైపు. అన్నా అంటూ భాయ్ చుట్టూ తిరిగేవాడు. ఎవరో సరదాకు ఫోటో తీశారు. ఆ సరదా ఆ సాయంత్రమే పోయింది.

ఓడిన తర్వాత భాయ్ ముందుగా వెళ్లి వ్యాన్‌లో కూర్చున్నాడు. ఐసు కోసం కూడా వెళ్లలేదు. ఓనరుగారు తలుపు దగ్గర నిలబడి లోపలికి అరిచాడు.

"అంపైరే లేదన్నాడు గదయ్యా! అవతలోడే అడగలా! నీకేం పుట్టింది?"

"తగిలింది సార్."

"తగిలితే? ఎవుడు చూశాడు?"

భాయ్ తలెత్తి చూశాడు. ఆ ప్రశ్నే ఆయనకు కొత్త. కుర్రాళ్లు ఒక్కొక్కరే ఎక్కి, ఆయన్ని దాటుకుని వెనక్కి పోయి కూర్చున్నారు. ముందు సీటులో ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. నేనే కూర్చున్నాను. నరసరావుపేటలో దిగేటప్పుడు ఆయన నా వైపు చూసి, "మా ఇంట్లోదానికి నిన్ననే చెప్పా సార్, కోచ్ నౌకరీ గురించి" అన్నాడు.

మర్నాడు బజ్జీల ఫోటో అందరి ఫోన్లలోకీ వచ్చింది. మూడో రోజు ఓనరుగారు లీగువాళ్లకు ఫిర్యాదు ఇచ్చాడు. మా ఆటగాడు అవతలి జట్టుతో కుమ్మక్కై కావాలనే మ్యాచి వదిలేశాడని. కోపంలో ఇచ్చిందే కావచ్చు. కానీ ఇచ్చాక అది కోపం కాదు, కేసు. విచారణ పూర్తయ్యేదాకా ఏ జట్టుకూ ఆడరాదు, ఎవరికీ శిక్షణ ఇవ్వరాదు అని లీగువాళ్లు భాయ్‌కి చెప్పారు. జిల్లా కబడ్డీ సంఘం వాళ్లు కూడా అదే మాట పట్టుకున్నారు.

విచారణకు ముగ్గురిని వేశారు. నరసరావుపేటలో ఒక లాడ్జి గదికి భాయ్‌ని పిలిచారు. తోడు రమ్మంటే వెళ్లాను. గది బయట బెంచీ మీద కూర్చుంటే తలుపు తెరిచే ఉంది, అన్నీ వినపడ్డాయి.

"చెయ్యెత్తమని ఎవరన్నా చెప్పారా?"

"లేదండి."

"మరి ఎవరూ చూడంది నువ్వెందుకు చెప్పావు?"

"నన్నే గదండీ తాకింది. ఇంకోళ్లెట్టా చూస్తారు?"

"ఆ అబ్బాయితో బజ్జీలు ఎందుకు తిన్నావు?"

"ఆకలేసి."

ముగ్గురిలో ఒకాయన నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. వీడియో తెప్పించారు. ఆ మ్యాచిని తీసింది ఒకే ఒక్క కెమెరా, అదీ ఎడమ పక్క నుంచి. సరిగ్గా ఆ క్షణానికి ఎడమ పక్క కాపు కాసే మన లెఫ్ట్ కవర్ అబ్బాయి వీపు అడ్డం వచ్చింది. చెయ్యెత్తడం కనపడుతుంది. తగలడం కనపడదు. నిర్ణయం తర్వాత చెబుతామన్నారు.

కొన్ని నెలల తర్వాత మాచర్ల వెళ్లిన పని చూసుకుని షెడ్డుకు వెళ్లాను. భాయ్ లారీ కింద ఉన్నాడు. నా గొంతు విని బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. ముందు తల, తర్వాత ఒక భుజం, తర్వాత చేతుల మీద బరువు వేసి కుడి కాలు ఈడ్చుకుంటూ. గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుని ఎదురు డబ్బా మీద కూర్చున్నాడు. గోళ్లు మాత్రం శుభ్రంగా తీసి ఉన్నాయి. టీ తెప్పించాడు. నేను అడగాలనుకుంది అడిగాను.

"ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు భాయ్. నిజంగా తగిలిందా?"

"తగిలిందనిపించింది."

"అనిపించిందా, తగిలిందా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. రోడ్డు మీద రాళ్ల లారీ ఒకటి పోయింది. ఆ మోత తగ్గేదాకా ఆగాడు.

"గాలికి చొక్కా కదిలినా అట్టానే అనిపిస్తది సార్. ఇరవయ్యేళ్లు ఆడినా రెండిటికీ తేడా నాకు తెలవలా. అనిపిస్తే ఎత్తటమే. తగిలిందో లేదో తేల్చుకుని ఎత్తుదామని నిలబడ్డవాళ్లు ఎవురూ ఎత్తంగ నేను చూడలా."

"మరి కోచ్ పని పోయిందిగా?"

"పోయింది" అన్నాడు. గుడ్డతో మళ్లీ చెయ్యి తుడుచుకుంటూ, "ఒక్కోసారి పడుకున్నాక చెయ్యి మీద కోపమొస్తది సార్. నా మీద కాదు, చెయ్యి మీద" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. బావమరిది లోపలి నుంచి పిలిస్తే, "వస్తన్నా" అని మళ్లీ అదే వరసలో లారీ కిందకు దూరాడు.

రైడర్‌ను కూడా ఒకసారి కలిశాను. మాచర్ల బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం నిలబడి ఉన్నాడు. ఆట మానేసి ఏదో కంపెనీలో చేరాడట. అదే ప్రశ్న వేశాను.

"ఏమో సార్. గా దినం నా చెయ్యి యాడికి పోయిందో నాకే ఎరుక లేదు. తాకినట్టు నాకనిపిస్తే నేనే పాయింటు అడగనా? అనిపియ్యలే." బస్సు వస్తోందేమోనని అటు చూసి మళ్లీ ఇటు తిరిగాడు. "గని భాయ్ ఎత్తిండంటే తాకే ఉంటది. గంతే."

ఈ మాట విచారణలో చెప్పావా అంటే, తనని ఎవరూ పిలవలేదన్నాడు.

ఆ లీగు మళ్లీ జరగలేదు. జరగదని కూడా ఎవరూ ప్రకటించలేదు. నేను పత్రిక వదిలేసి రెండేళ్లయింది. పోయినేడు వేసవి ముందు క్రోసూరు దగ్గరి ఒక సర్కారు హైస్కూలు నుంచి వ్యాయామ టీచరమ్మ ఫోన్ చేసింది. ఆడపిల్లల జట్టు ఉంది, గట్టి పిల్లలు, రైడర్‌ను పట్టడం నేర్పేవాళ్లు లేరు. మాచర్లలో ఒక భాయ్ ఉన్నాడని విన్నాను, చీలమండ పట్టు ఆయన దగ్గరే నేర్వాలంట, నంబరు ఉందా సార్ అని. ఇచ్చాను. ఆయన ఆ పూటే ఒప్పుకున్నాడు. నేల మీద కూర్చోకుండా నిలబడే నేర్పుతాను, పర్వాలేదా అని మాత్రం అడిగాడట. బస్సులెన్ని గంటలకో కూడా కనుక్కున్నాడట. స్కూలువాళ్లకు కావాల్సింది ఒక్కటే. ఆయన మీద ఏమీ లేదని సంఘం నుంచి ఒక కాగితం.

ఆ కాగితం రాలేదు. ఓనరుగారిని కలిసి అడిగాను. మిల్లు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు. "నేనెప్పుడో మర్చిపోయానండీ అదంతా. ఆయన మీద నాకేం కోపం లేదు" అన్నాడు. మరి ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అంటే, "ఎవరికి ఇవ్వాలండీ వెనక్కి? లీగే లేదుగా" అన్నాడు. ముగ్గురు విచారణ సభ్యుల్లో ఒకాయన కొడుకు దగ్గరికి విశాఖపట్నం వెళ్లిపోయాడు. నవ్విన ఆయన చనిపోయాడు. పెద్దాయన, తాను తన అభిప్రాయం నోటితో అప్పుడే చెప్పేశానంటాడు. ఎవరికి చెప్పాడో, ఏం చెప్పాడో గుర్తు లేదంటాడు.

వేసవి శిబిరం భాయ్ లేకుండానే జరిగింది. ఆ జట్టులో పదో తరగతి పిల్లలు బడి దాటిపోయారు. ఈ ఏడు మళ్లీ శిబిరం పెడుతున్నామని టీచరమ్మ చెప్పింది. ఆయనేమంటున్నాడని అడిగాను. "ఎప్పుడు పిలిస్తే అప్పుడొస్తానన్నారండీ. పిల్లల గోళ్లు మాత్రం తీయించి ఉంచమన్నారు" అంది.

ఈ వారం సంఘం ఆఫీసుకు మరోసారి ఫోన్ చేశాను. భాయ్ మీద నిషేధం లేదన్నారు. అయితే నేర్పవచ్చా అంటే, అనుమతి కూడా లేదన్నారు. విచారణ నడుస్తోందన్నారు. ఎవరు నడుపుతున్నారని అడిగితే, కనుక్కుని చెబుతామన్నారు.